టీచరు గారి సాక్ష్యం

ఆ ఏళ్ళ గురించి ఎవరైనా అడిగితే ముందు నాకు నడుం నొప్పి గుర్తొస్తుంది, తర్వాతే రోగులు. యానాంలో నేను పనిచేసిన ఆసుపత్రి వెనకవైపు, ఎక్స్‌రే గది దాటాక, ఒకే కిటికీ ఉన్న గదిలో నా బల్ల ఉండేది. తలుపు మీద బోర్డు పెడతామంటే వద్దన్నాను. పెట్టకపోయినా పెద్ద తేడా ఏమీ లేదు. ఆ గదిలో కూర్చునే డాక్టరమ్మ ఏ జబ్బుకి మందులిస్తుందో ఊరందరికీ తెలుసు. బజారులో ఎవరినైనా పలకరిస్తే చాలు, వాళ్ళు చుట్టూ చూసి, "మా అమ్మాయికి దగ్గొస్తే చూపించుకున్నామండి" అని ఎవరూ అడక్కుండానే పక్కవాళ్ళకి చెప్పుకునేవారు. దాంతో పలకరించడం మానేశాను. పొగరుబోతునని పేరొచ్చింది. అందులో కొంత నిజం లేకపోలేదు.

మొదట్లో బాగానే ఉండేది. ప్రభుత్వం హెచ్ఐవీ మాత్రలు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టిన కొత్తలో, ఇద్దరు మనుషులు మోసుకొచ్చిన రోగి కొన్ని నెలలకి సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. డాక్టరునైనందుకు అప్పుడు గర్వపడ్డాను, దాచుకోవడం ఎందుకు. కొన్నేళ్ళు గడిచేసరికి ఆ గర్వం పల్చబడిపోయింది. ఉచిత మందులు రాకముందే కాకినాడలోనో విశాఖలోనో ప్రైవేటు డాక్టర్ల దగ్గర చూపించుకుని, ఏళ్ళ తరబడి మాత్రలు కొనుక్కుని మింగినవాళ్ళు ఒక్కొక్కరే మళ్ళీ పడిపోవడం మొదలైంది. వాళ్ళకి ముందు ఒక రకం మాత్ర ఇచ్చారు, తర్వాత రెండు, ఆ తర్వాతెప్పుడో మూడు. కొనగలిగినప్పుడు మింగారు, లేనప్పుడు మానారు. అది వాళ్ళ తప్పు కాదు, అప్పుడు దొరికింది అంతే. కానీ వాళ్ళ ఒంట్లో ఉన్న వైరస్ ఈలోగా అన్ని మందులకీ అలవాటు పడిపోయింది.

మా రోగుల్లో చాలామంది పొలం పనులకి వెళ్ళేవాళ్ళు కాబట్టి వరికి పట్టే సుడిదోమ గురించి చెప్పేదాన్ని. "చేలో దోమకి మందు సగం సగం కొడితే ఏమవుతుంది?" అని అడిగితే "మొండికేసేత్తదండి" అనేవారు టక్కున. "మీ ఒంట్లోనూ అదే జరిగింది" అంటే తలూపేవారు. అర్థమైనందుకు నాకేం సంతోషం ఉండేది కాదు. ఆ వెంటనే వచ్చే ప్రశ్న నాకు తెలుసు. "అయితే ఇంకో మందు కొట్టండి" అనేవారు. అక్కడ నేను నీళ్ళు నమిలేదాన్ని. ఇంకో మందు ఉంది, ఒకే ఒక్క సెట్టు. అదీ చెన్నైలాంటి పెద్ద ఊళ్ళలో కొద్ది చోట్లే ఇచ్చేవారు. అది కూడా మొండికేస్తే ఆ పైన ఇవ్వడానికి మా దగ్గర ఏమీ లేదు.

ఆ ఆఖరి సెట్టు ఒక మనిషికి పనికొస్తుందా లేదా తేల్చాలంటే పాత మందుల చరిత్రంతా కావాలి. ఏది ఎప్పుడు మొదలుపెట్టారు, ఎన్నాళ్ళు మింగారు, మధ్యలో ఎప్పుడు మానారు. నా రోజంతా ఈ ప్రశ్నలకే సరిపోయేది. "తెల్లదండి, గుండ్రంగా ఉంటాది" అనేవారు. తెల్లగా గుండ్రంగా లేని మాత్ర లోకంలో ఎక్కడన్నా ఉందా అని విసుక్కునేదాన్ని. దరియాలతిప్ప నుంచి వచ్చే ఒక పెద్దాయన, చేపల వేటకెళ్ళినప్పుడు మాత్రలు ఉప్పునీళ్ళలో తడిస్తే పడవ మీద ఎండబెట్టుకుని మింగానని చెప్పి, మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకి చూశాడు. మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. తిట్టడానిక్కూడా ఓపిక కావాలి. ఇంటికెళ్ళి చీరైనా మార్చుకోకుండా కుర్చీలో అలాగే నిద్రపోయిన సాయంత్రాలు ఎన్నో ఉన్నాయి.

టీచరు గారు నా దగ్గరికి వచ్చింది ఆ రోజుల్లోనే. అగ్రహారంలో ప్రాథమిక పాఠశాల టీచరు, కాపురం మెట్టకూరులో. నలభై దాటిన మనిషి. భర్త చాలా ఏళ్ళ కిందట ఇదే జబ్బుతో పోయాడు, పిల్లల్లేరు. గంజి పెట్టిన నేత చీర కట్టుకుని, కొంగు భుజం మీద పిన్నుతో కుదురుగా పెట్టుకుని వచ్చేవారు. ఏళ్ళ తరబడి మింగిన మాత్రల వల్ల బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. అరికాళ్ళ మంటలకి ఎండాకాలంలో కూడా మేజోళ్ళు తొడుక్కుని, వాటి మీద చెప్పులేసుకునేవారు. వాళ్ళది తాతల నాటి నుంచీ క్రైస్తవ కుటుంబం, తండ్రి కూడా బడిపంతులే. "ఈ జబ్బు" అనేవారు తప్ప దాని పేరు ఆవిడ నోట ఒక్కసారి కూడా నేను వినలేదు.

పాత మందులన్నీ తెమ్మంటే ఒక పెద్ద బిస్కెట్ల డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఖాళీ సీసాలు, వాడేసిన అట్టలు, అన్నిటికన్నా పాతది అడుగున, కొత్తది పైన. క్లాసులో పలకలు సర్దినట్టు సర్దుకొచ్చారు. అంత శుభ్రంగా చరిత్ర తెచ్చిన రోగిని నేను అంతకుముందు చూడలేదు. ఆ డబ్బా చూసి ముందు ముచ్చటేసింది, ఆ వెనకే కోపమొచ్చింది. ఇంత పద్ధతైన మనిషికి మందు ఎందుకు పనిచెయ్యకుండా పోయింది? మొదట్లో ఈవిడకి రెండు మాత్రలతో సరిపెట్టిన ఆ ప్రైవేటు డాక్టరెవరో గానీ, మనసులో ఆయన్ని నాలుగు తిట్టుకుని రక్తం చెన్నై పంపించాను. మాత్రలు వేసుకుంటూ ఉన్నా వైరస్ ఒంటినిండా ఉందని రిపోర్టు వచ్చింది. నోట్లో తెల్లపూత, అన్నం సహించదు, వచ్చినప్పుడల్లా బరువు తగ్గి ఉంటున్నారు. ఇక మిగిలింది ఆ ఆఖరి సెట్టే.

ఆ మందులిచ్చేచోట ముందుగా అడిగేది, ఈ మనిషి మానకుండా వేసుకుంటారా అని. మధ్యలో మానే మనిషికిచ్చి ఆఖరి మందు కూడా పాడుచెయ్యడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఆ ప్రశ్నకి జవాబు రాసి సంతకం పెట్టాల్సింది నేను. మా ఊరి చుట్టూ ఆంధ్రే ఉన్నా మా కాగితాలు పుదుచ్చేరి మీదుగా తిరిగిరావాలి, కాబట్టి తొందరగా పంపేద్దామని కలం తీసి, మొక్కుబడిగా అడిగాను.

"మధ్యలో ఎప్పుడన్నా మానేశారా టీచరు గారూ?"

లేదని చెప్పేస్తే అయిపోయేది. ఇంకెవరైనా అయితే అదే చెప్పేవారు, నేనూ రాసేసుకునేదాన్ని.

"మానేశానండి," అన్నారు. "మూడుసార్లు."

"కొనడానికి ఇబ్బందయిందా?"

"కాదండి. సాక్ష్యం చెప్పానండి."

నాకేమీ అర్థం కాలేదు. మాది రామచంద్రపురం పక్కన పల్లెటూరు. మా ఇళ్ళలో సాక్ష్యమంటే పొలం తగాదాలు, కోర్టు మెట్లు. కోర్టుకీ మాత్రలకీ ఏం సంబంధమని అడిగాను. ఆవిడ పిల్లలకి పాఠం చెప్పినట్టు నెమ్మదిగా చెప్పుకొచ్చారు. వాళ్ళ గుడిలో, అంటే చర్చిలో, ఎవరికైనా జబ్బు చేస్తే స్త్రీల కూటం వాళ్ళు ఇంటికొచ్చి ప్రార్థన చేస్తారు. పనులు మానుకుని, ఉపవాసం ఉండి మరీ చేస్తారు. తేరుకున్నాక ఆ మనిషి ఆదివారం గుడిలో లేచి, మైకు పట్టుకుని, దేవుడు నాకు ఈ మేలు చేశాడని అందరి ముందూ చెప్పాలి. అదే సాక్ష్యం. చెప్పకపోతే ఎవరూ దెబ్బలాడరు. కానీ అంతమంది తనకోసం పస్తులుంటే, మేలు పొంది నోరు మూసుకుని కూర్చున్నట్టు తనకే ఉంటుంది. మొదటిసారి మాత్రలతో ఒళ్ళు తేరుకున్నప్పుడు ఆవిడ నిజంగా సంతోషంతోనే లేచారట. క్షయ వచ్చింది, దేవుడు నయం చేశాడని చెప్పారట. క్షయ కూడా వచ్చిన మాట నిజమే. ఇంటికొచ్చి, భోజనం చేసి, రోజూలాగే మాత్ర చేతిలోకి తీసుకుంటే ఆ చెయ్యి నోటిదాకా రాలేదట.

"నయమైందని నోటితో చెప్పి, అదే నోట్లో మాత్రేసుకుంటే చెప్పింది అబద్ధమే కదండి?" అన్నారు. "గుడిలో నిలబడి అబద్ధ సాక్ష్యం చెప్పినట్టే కదండి?"

"మానేశాక ఏమయ్యేది?"

"కొన్ని నెలలు బానే ఉండేదండి. తర్వాత జ్వరాలొచ్చేవి. మళ్ళీ మొదలెట్టేదాన్ని. తేరుకునేదాన్ని. వాళ్ళు మళ్ళీ అడిగేవారు."

పాస్టరుగారిని వాళ్ళు అయ్యగారంటారు. "మందు మానేయమని మీ అయ్యగారు చెప్పారా?" అని నిలదీశాను. ఎవరినైనా తిట్టాలని నాకు అప్పుడు చాలా ఉంది.

"అయ్యో, లేదండి. ఆయన అలాంటివి చెప్పరు. ఎవరూ చెప్పలేదండి. నాకే అలా అనిపించింది."

నాకు తిక్కరేగింది. ఇన్నేళ్ళు డబ్బులేనివాళ్ళతో, తాగుబోతులతో, మతిమరుపు వాళ్ళతో వేగాను. నిజం చెప్పాలన్న పట్టుదలతో మందు మానేసి, ఉన్న మందులన్నీ పాడుచేసుకున్న మనిషిని చూడటం అదే మొదలు. "మీ దేవుడికి మీ సాక్ష్యం కావాలా, మీరు కావాలా?" అని గట్టిగానే అడిగాను. బయట బెంచీ మీద వాళ్ళకి వినపడే ఉంటుంది. ఆవిడ నొచ్చుకోలేదు.

"రెండూ అనుకున్నానండి," అన్నారు.

కలం మూత పెట్టి, ఆ రోజుకి ఆవిడని ఇంటికి పంపేశాను.

పొద్దునపూట మామూలు ఓపీ కూడా నేనే చూసేదాన్ని. ఆ అయ్యగారు అక్కడికి సుగరుకి వచ్చేవారు. నెమ్మదస్తుడు, ఎవరినీ నొప్పించరు, కానీ ఎంత చెప్పినా పూతరేకులు మానరు. టీచరు గారి సంగతి ఆయనతో అనడానికి వీల్లేదు. ఒకరి జబ్బు ఇంకొకరి చెవిన వేశాక ఆ వెనక గదిలో నేను కూర్చోవడం దండగ. అందుకని బీపీ చూస్తూ ఊరికే అడిగినట్టు అడిగాను, ప్రార్థన చేసుకుంటూ సుగరు మాత్ర వేసుకోవడం మీకు తప్పనిపించదా అని.

ఆయన నవ్వారు. "తప్పేముంది డాక్టరమ్మా. మందు కూడా ఆయనిచ్చిందేగా."

పరీక్ష నెగ్గినంత సంబరపడ్డాను. టీచరు గారు మళ్ళీ వచ్చినప్పుడు ఆ మాట ఆవిడ ముందు పెట్టాను, ఎవరన్నారో పేరు పెట్టకుండా, ఒక పెద్ద పాస్టరు గారన్నారని. ఆవిడ శ్రద్ధగా విన్నారు.

"ఆయన సుగరు నయమైపోయిందని గుడిలో ఎప్పుడూ చెప్పి ఉండరు కదండి," అన్నారు.

టీచర్లతో వాదన పెట్టుకోకూడదు. ఈసారి సాక్ష్యం చెప్పనని మాటివ్వమన్నాను. ఇవ్వలేనన్నారు. పోనీ చెప్పినా మందు మాననని మాటివ్వమన్నాను. అదీ ఇవ్వలేదు. "మానకుండా ఉండడానికి చూస్తానండి" అన్నారు, అంతే. ఒట్టు వేసి తప్పిన రోగులు నాకు బోలెడుమంది తెలుసు. ఒట్టు వెయ్యనన్న మనిషిని నమ్మడం సులువనిపించింది. గతంలో మానేశారు, ఇకముందు మానరు, పూచీ నాది అని రాసి సంతకం పెట్టాను. పెట్టాక చాలా రోజులు ఆ సంతకం నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. ఆవిడ కానీ మళ్ళీ మానేస్తే, ఆ తర్వాత ఆవిడని కాపాడే మాత్ర ఈ దేశంలో మాకు అందేచోట లేదు.

చెన్నై ప్రయాణం కోసం ఆవిడ, కళ్ళు చూపించుకోవాలని హెడ్మాస్టరుకి సెలవు చీటీ రాసిచ్చారు. "ఇది అబద్ధం కాదా టీచరు గారూ?" అని ఏడిపించాను.

"చీటీయే కదండి, సాక్ష్యం కాదు," అన్నారు. "పైగా అక్కడ కళ్ళు కూడా చూస్తారంటండి."

చూశారు కూడా. ఆ జబ్బులో కళ్ళు చూడటం మామూలే. ఆ రోజు ఇద్దరం నవ్వుకున్నాం.

తర్వాత నెలల్లో నవ్వు లేదు. కొత్త మాత్రలు బాదంకాయంత ఉండేవి. ఒకటి మింగడానికే గ్లాసుడు నీళ్ళు పట్టేవి, అవి కడుపులో పడితే వికారం, విరేచనాలు. పాఠం మధ్యలో లేచి పరిగెత్తాల్సి వస్తోందని, పిల్లలు చూసి నవ్వుకుంటున్నారని చెప్పేటప్పుడు ఆవిడ తల ఎత్తేవారు కాదు. మజ్జిగన్నం తినండి, అరటికాయ కూర తినండి అని చెప్పేదాన్ని. నేను చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు. మందుల కోసం నెలనెలా కాకినాడ వెళ్ళి రైలెక్కాలి, రాత్రంతా కూర్చుని ప్రయాణం, మళ్ళీ సోమవారం పొద్దుటికి బడి గంట. ఒకసారి రైలు దిగి తిన్నగా నా దగ్గరికే వచ్చి, కుర్చీలో కూర్చుని, "అలిసిపోయానండి" అన్నారు. "నేనూ" అన్నాను. ఆ పూట ఇద్దరం ఆరోగ్యం గురించి మాట్లాడుకోలేదు. టీ తెప్పిస్తే తాగి వెళ్ళిపోయారు.

వానలు వెనకబట్టేసరికి ఆవిడ తేరుకున్నారు. నోట్లో పూత పోయింది, అన్నం సహించింది. తూకం మిషను మీద నిలబడితే ముల్లు ప్రతిసారీ కాస్త ముందుకి జరిగేది. ఏ డాక్టరైనా సంతోషపడాలి. నాకు మాత్రం ఆవిడ ఒళ్ళు చేస్తున్నకొద్దీ గుండెల్లో రాయి పడేది. బాగున్న మనిషినే కదా సాక్ష్యం చెప్పమంటారు. జాకెట్లు బిగుతయ్యాయని చెప్పారు, గుడిలో మళ్ళీ పాటలందుకుంటున్నానని చెప్పారు. నేను "మంచిదండి" అంటూనే, వాళ్ళెప్పుడు అడుగుతారా అని లెక్కలేసుకునేదాన్ని.

ఎంతోకాలం ఆగలేదు వాళ్ళు. కోతల పండుగ రోజు ఆవిడ మాట్లాడాల్సిందేనని స్త్రీల కూటం పెద్దావిడ ఇంటికొచ్చి చెప్పి వెళ్ళారట. ఆ సంగతి నాకు చెప్పిన పూటే చెన్నై నుంచి రక్తం రిపోర్టు కూడా వచ్చింది. వైరస్ కనపడలేదని రాసి ఉంది. అలాంటి రిపోర్టు కోసమే మా తంటాలన్నీ. నేను మాత్రం దాన్ని వెంటనే ఆవిడ చేతికివ్వడానికి జంకాను.

"కనపడలేదంటే లేదనా అండి?"

"ఉంది. అణిగి ఉంది. మాత్ర మానిన మర్నాటి నుంచే లేస్తుంది."

"అయితే దీన్ని నయమవడం అనొచ్చా?"

"అనకూడదు," అన్నాను. అంత గట్టిగా నేను ఎవరికీ ఏదీ చెప్పలేదు. "అదుపులో ఉంది అనాలి."

"అదుపులో ఉంది," అని ఆవిడ తనలో తను రెండుసార్లు అనుకున్నారు, పిల్లలకి కొత్త మాట నేర్పేముందు పలికి చూసుకున్నట్టు. తర్వాత సంచీ తీసుకుని లేచారు. పండుగ రోజు ఏం చెప్తారని అడిగాను. "తెలీదండి" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆవిడ నిజమే చెబుతున్నారని నాకు తెలుసు కాబట్టి నాకు ఇంకా భయమేసింది.

పండుగ రోజు గుడి లోపలికి నేను వెళ్ళకూడదు. ఆ వెనక గది డాక్టరమ్మ వచ్చి కూర్చుందంటే ఆవిడ జబ్బేమిటో నేనే మైకులో చెప్పినట్టు. ఇంట్లో కూర్చుందామంటే కాలు నిలవలేదు. చివరికి గుడికి ఎదురుగా, రోడ్డుకి ఇవతల, కొబ్బరిబోండాల బండి దగ్గర నిలబడ్డాను. గేటు దగ్గర కట్టిన మైకులోంచి లోపలి మాటలన్నీ వీధంతా వినపడుతున్నాయి. జనం తెచ్చిన ధాన్యం బస్తాలు, గుమ్మడికాయలు, అరటిగెలలు వరండాలో పేర్చి ఉన్నాయి, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారట. ఒక రొయ్యల రైతు లేచి, చుట్టుపక్కల చెరువులన్నిటికీ తెగులొచ్చినా తన చెరువు దక్కిందని చెప్పాడు. "స్తోత్రం" అని గుడంతా అదిరిపోయేలా అన్నారు. కొడుక్కి ఉద్యోగం వచ్చిందని ఒకావిడ చెప్పారు. మళ్ళీ "స్తోత్రం". నా చేతిలో బోండాం నీళ్ళు వేడెక్కిపోతున్నాయి.

అప్పుడు టీచరు గారి గొంతు వినపడింది.

"అందరికీ వందనాలండి. నాకోసం మీరు చాలాసార్లు ప్రార్థన చేశారు. నేను మూడుసార్లు ఇక్కడే నిలబడి నాకు నయమైందని చెప్పాను." మైకు సర్దుకున్న చప్పుడు వినపడింది. "నయం కాలేదండి. ఇప్పుడు కూడా కాలేదు. ఇది నయమయ్యే జబ్బు కాదంట. అదుపులో ఉందండి. రోజూ రెండుపూట్లా మందేసుకుంటున్నాను. పొద్దున వేసుకునొచ్చాను, రాత్రికి మళ్ళీ వేసుకోవాలి. బతికున్నన్నాళ్ళూ వేసుకోవాలి. జబ్బు పేరు చెప్పే ధైర్యం నాకు లేదు, అది కూడా నిజమేనండి. దేవుడు నాకు చేసిన మేలు ఆ మందు. ఇదేనండి నా సాక్ష్యం."

మైకు గుయ్యిమంటూ ఉండిపోయింది. ఎవరో దగ్గారు. ఒక పసిపిల్ల ఏడుపు వినపడి ఆగిపోయింది.

"అదేంటండి," అన్నాడు బోండాలతను, కత్తి పక్కన పెట్టి. "ఎవరూ స్తోత్రం అనలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. లోపలికెళ్ళి ఒక్కొక్కరినీ దులిపేద్దామనిపించింది. కదల్లేదు. కదిలితే ఆవిడ చెప్పనని చెప్పిన పేరు నేను చెప్పేసినట్టవుతుంది. లోపల హార్మోనియం మొదలైంది, పాట అందుకున్నారు. అందులో ఆవిడ గొంతు ఉందో లేదో చెవి పెట్టి వెతికాను, తెలియలేదు. బోండాం తాగకుండానే పారేసి ఇంటికొచ్చేశాను.

తర్వాత ఆవిడ నా దగ్గరికి వచ్చేదాకా నా మనసు మనసులో లేదు. నలుగురిలో నిలబడి అంత మాట అన్నాక, ఆ నలుగురూ మొహం తిప్పుకుంటే, మనిషి దేనికి మందు మింగాలి అనుకోవచ్చు. నాకు తెలిసిన చాలామంది అనుకున్నారు కూడా. ఆవిడ రావాల్సిన రోజు పొద్దుటి నుంచీ నేను వచ్చినవాళ్ళందరినీ కసురుతూనే ఉన్నాను.

వచ్చారు. ఎప్పటిలాగే గంజి పెట్టిన చీర, పిన్ను. కుర్చీలో కూర్చుని సంచీ ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఎవరూ స్తోత్రం అనలేదండి," అన్నారు.

"విన్నాను. రోడ్డు మీదే ఉన్నాను."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "చాప మీద నా పక్కన కూర్చునేవాళ్ళు కాస్త ఎడంగా జరిగారండి. కూటం వాళ్ళెవరూ ఇంటికి రాలేదు. అయ్యగారు మాత్రం గుమ్మం దగ్గర చెయ్యి కలిపారు, ఏమీ అనలేదు. బడిలో ఇంకా ఎవరూ అడగలేదు. అడుగుతారేమో."

నేను ఇంకేదో అడగాలి. బాధపడ్డారా అనో, ఇప్పుడెలా అనో. నాకు నోటికొచ్చింది ఒకటే.

"మందు?"

"వేసుకున్నానండి. ఆ రాత్రే వేసుకున్నాను." తన కుడిచేతిని తనే ఒకసారి చూసుకున్నారు. "చెయ్యి ఆగలేదండి. తిన్నగా నోటికొచ్చింది."

శభాష్ అంటే చిన్నపిల్లతో అన్నట్టుంటుంది. థాంక్స్ అంటే నాకేదో ఉపకారం చేసినట్టుంటుంది. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో, నా బతుకులో, నేను ఎప్పుడూ పలకని మాట ఒకటి నోట్లోంచి వచ్చేసింది.

"స్తోత్రం," అన్నాను.

వేళాకోళమేమోనని ఆవిడ నా మొహంలోకి పరీక్షగా చూశారు. కాదని తేల్చుకున్నాక కొంగుకున్న పిన్ను ఊడదీసి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. అంతకుముందు ఎప్పుడూ నా ముందు ఏడవలేదు. నేను లేచి తలుపు దగ్గరికెళ్ళి, బెంచీ మీద వాళ్ళని కాసేపు ఆగమన్నాను.